పడవవాడి పిలుపు

పదకొండో భాగం

“నేను మాట్లాడతాను,” అంది షాహెందా, ఇంగ్లీషులో.

గదిలో ఉన్నవాళ్లందరూ వెనక్కి తిరిగి చూశారు. క్రితం వారం మనం ఆమెను వదిలిపెట్టింది సరిగ్గా ఇక్కడే.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. షాహెందా పోర్ట్ సయీద్‌లో ఫెర్రీ రేవు పక్కన చేపలు కాల్చి అమ్మే కొట్టు నడుపుతుంది. ఆమె తమ్ముడు రాఫత్ ఓడల్ని రేవులోకి లాక్కొచ్చే టగ్గుకి కెప్టెన్. ఒక రోజు గోధుమల ఓడను లాగుతూ లాగుతూ, ఉన్నట్టుండి తాడు వదిలేశాడు. ఓడ వెళ్లి కంపెనీ గట్టును గుద్దింది. గట్టు మీద పనిచేస్తున్న ఇద్దరు కూలీలు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. తాడు ఎందుకు వదిలావని ఎవరడిగినా రాఫత్ నోరు విప్పడు.

ఇన్సూరెన్స్ వాళ్లు విచారణకి ఒక డెన్మార్క్ మనిషిని పంపారు. పేరు కెప్టెన్ ఓస్త్రుప్. విచారణంతా ఇంగ్లీషులోనే. టగ్గుల కంపెనీ యజమాని హాజ్ దబ్బూర్ పెట్టిన దుబాసీ నాషెద్, రాఫత్ తరఫు మాటల్లో సగం మింగి సగం చెప్పాడు. ఆ సంగతి పోయిన వారం బయటపడింది. “నాకీ దుబాసీ వద్దు,” అని రాఫత్ అడ్డం తిరిగాడు. “సరే, నీకు నమ్మకమున్న మనిషినే మాట్లాడమను. కానీ నాతో నేరుగా, ఇంగ్లీషులో మాట్లాడాలి,” అన్నాడు ఓస్త్రుప్. సాయంత్రానికి ఆయన నివేదిక పోలీసులకి వెళ్తుంది. అందులో నిర్లక్ష్యం అన్న మాట ఉంటే రాఫత్‌కి లైసెన్సు పోవడమే కాదు, జైలు కూడా ఖాయం.

అందుకే షాహెందా లేచింది.

“మీరు ఆయనకి ఏమవుతారు?” అడిగాడు ఓస్త్రుప్.

“అక్కని. నేను అక్కని. మా అమ్మ లేదు. నేను పెంచాను.”

ఒక్కో వాక్యాన్నీ మెట్టు దిగినట్టు దిగి, కాలు ఆనిందో లేదో చూసుకుని మరోటి అందుకుంటోంది.

కంపెనీ వకీలు సిర్రీ అప్పటికే లేచాడు. కైరో మనిషి. లండన్‌లో చదివాడు. విచారణ అధ్యక్షుడు ఓస్త్రుప్ వైపు తిరిగి ఇంగ్లీషులో ఒక పెద్ద వాక్యం ఎత్తుకున్నాడు. అది ఎక్కడ మొదలైందో తెలిసింది గానీ ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు. షాహెందాకి అందులో రెండే మాటలు దొరికాయి. ఒకటి చేప, రెండోది కాలం వృథా.

“ప్రశ్న,” అంది ఆమె.

సిర్రీ ఆగిపోయాడు.

“మీరు నాతో మాట్లాడుతున్నారా? నా గురించి మాట్లాడుతున్నారా?”

ఓస్త్రుప్ చేతిలోని పెన్ను కింద పెట్టాడు. “ఒక్క నిమిషం. ప్రశ్న అడిగేముందు ‘ప్రశ్న’ అని ఎందుకన్నారు?”

“మా టీచర్ చెప్పింది. ముందు వాక్యం పేరు. తర్వాత వాక్యం.”

“ఎవరా టీచర్?”

షాహెందా వెనక వరుస వైపు చెయ్యి చూపింది. అక్కడ, అందరూ అబ్లా, అంటే పెద్దక్క, అని పిలిచే తెల్లజుట్టు ఫిక్రియా విసనకర్రతో విసురుకుంటోంది. పక్కన షాహెందా భర్త వగీహ్ కూర్చున్నాడు.

ఫిక్రియా అబ్లా జీవితమంతా ఓడల ఏజెంటు ఆఫీసులో రేడియో ముందు గడిపిన మనిషి. ప్రమాదం జరిగిన వారంలోనే షాహెందా వెళ్లి ఆమె తలుపు తట్టింది. ‘నా తమ్ముడి మాట ఇంకెవరి నోటితోనో పోవడం నాకిష్టం లేదు, నేర్పు,’ అంది. అబ్లా దగ్గర పుస్తకం లేదు. ఆమెకి తెలిసింది రేడియో పద్ధతే. ‘గాలిలో పోయే మాటకి ముఖం ఉండదే పిల్లా. అడుగుతున్నావో, చెబుతున్నావో, పురమాయిస్తున్నావో అవతలివాడికి ఎలా తెలుస్తుంది? ముందే చెప్పు,’ అనేది. ఒక వారమంతా సమాచారాలే. ఇది బొగ్గు. ఇది ఉప్పు. ఈ చేప నిన్నటిది కాదు. ఇంకో వారమంతా ప్రశ్నలే, కొట్టుకొచ్చిన నావికులందరికీ ఆ వారం చేపలతో పాటు ప్రశ్నలూ వడ్డించింది. ఆదేశాల వారంలో మాత్రం ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు.

“నేను ముప్పై ఏళ్లు ఓడ మీద ఇలాగే మాట్లాడాను,” అన్నాడు ఓస్త్రుప్. “ఇంగ్లీషు నాకూ మా అమ్మ నేర్పింది కాదు. ఇక ఈ గదిలో అందరూ ఈ పద్ధతిలోనే మాట్లాడతారు. మిస్టర్ సిర్రీ, మీరు కూడా.”

వెనకాల విసనకర్ర ఒక్క క్షణం ఆగి మళ్లీ జోరందుకుంది.

సిర్రీ మామూలు వకీలు కాదు. పొడుగు వాక్యాలు లాక్కుంటే పొట్టివాటితోనే పొడవగలడు.

“ప్రశ్న. తాడు వదిలింది మీ తమ్ముడేనా?”

“అవును.”

“ప్రశ్న. వదలమని ఆయనకి ఎవరైనా చెప్పారా?”

“లేదు.”

“ప్రశ్న. ఆ సమయంలో మీరు టగ్గు మీద ఉన్నారా?”

“లేను.”

“ప్రశ్న. అయితే మీకేం తెలుసు?”

 ఏం జరిగిందో షాహెందాకి నిజంగానే తెలియదు. తమ్ముడు పని వదిలేసే మనిషి కాడని మాత్రమే తెలుసు. దానికి ఇంగ్లీషులో వాక్యం ఉన్నా, అది సాక్ష్యం కాదు.

సిర్రీ ఒక కాగితం ఎత్తాడు. టగ్గు చుక్కాని గదిలో రికార్డయిన మాటలకి నాషెద్ చేసిన ఇంగ్లీషు అనువాదం అది.

“సమాచారం. తాడు వదలడానికి ముందు రికార్డయిన మాటలు ఇవి. గుర్తు తెలియని గొంతు: ‘రా, మాతో భోంచెయ్. అన్నీ సిద్ధంగా ఉన్నాయి.’ కెప్టెన్ రాఫత్: ‘వెయ్యి ధన్యవాదాలు.’ ఆ వెంటనే తాడు వదిలిన చప్పుడు.” కాగితం దించాడు. “భోజనానికి పిలిచారు. ఆయన ఒప్పుకున్నారు. పని వదిలేశారు. ఇంతకంటే చెప్పడానికేముంది?”

గోడ వారగా నిలబడ్డ రేవు గుమాస్తాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాషెద్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. పడవలో తింటున్నవాడు ‘రా, భోంచెయ్’ అంటే దాని అర్థమేమిటో ఈజిప్టులో పుట్టినవాడెవడికైనా తెలుసు. సిర్రీకీ తెలుసు. తెలియనివాడు ఆ గదిలో ఒక్కడే. నివేదిక రాసేది అతనే.

“సమాచారం,” అంది షాహెందా. “అది నిజం పిలుపు కాదు.”

“ఓహో! అంటే అబద్ధం పిలుపా?”

“కాదు. అబద్ధం కాదు.”

“నిజమూ కాదు, అబద్ధమూ కాదు. మరి దాన్నేమంటారో సెలవివ్వండి.”

మాట దొరకలేదు. చేప పేర్లు, తాడు పేర్లు, ఓడలో భాగాల పేర్లు, ఆసుపత్రిలో వాడే మాటలు, పోలీసుల మాటలు అన్నీ నేర్చుకుంది. దీనికి మాట కావలసి వస్తుందని ఆమెకీ అబ్లాకీ తోచలేదు.  హాజ్ దబ్బూర్ ముందు వరుసలో కూర్చుని తీరిగ్గా జపమాల తిప్పుకుంటున్నాడు.

“పురమాయించవే!” వెనక నుంచి అరబీలో అరిచింది ఫిక్రియా అబ్లా. “మాట రాకపోతే పని చేయించు!”

“నిశ్శబ్దం,” అన్నాడు ఓస్త్రుప్.

షాహెందా కిటికీ వైపు చూసింది. మధ్యాహ్నం. కింద రేవు నీళ్ల మీద పడవలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. సగం మంది ఒళ్లో రొట్టె పెట్టుకుని తింటూనే పడవ నడుపుతున్నారు.

“ఆదేశం,” అంది. “కెప్టెన్, లేవండి. దయచేసి. ఇక్కడికి రండి.”

హాజ్ దబ్బూర్ చేతిలో జపమాల ఆగింది. ఓస్త్రుప్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, కుర్చీ వెనక్కి తోసి లేచాడు. కిటికీ దగ్గరికి వచ్చాడు.

“ఇదంతా ముందే ఏర్పాటు చేసుకున్న నాటకం,” అన్నాడు సిర్రీ.

“ఆదేశం. మీరూ రండి. పడవని మీరే ఎంచుకోండి.”

సిర్రీకి తప్పలేదు. వచ్చి, దగ్గరున్న పడవలన్నీ వదిలేసి, దూరం నుంచి వస్తున్న నీలం పడవ మీద వేలు పెట్టాడు. అందులో ఒక్కడే ఉన్నాడు. కాలితో చుక్కాని తొక్కిపట్టి, రెండు చేతులా రొట్టె చించుకుంటున్నాడు. పడవ దగ్గరికి వచ్చేదాకా ఆగి షాహెందా కిటికీలోంచి వంగింది. చేపల బజారులో బేరం అరిచే గొంతుతో అరిచింది.

“హాయిగా తిను నాయనా!”

పడవవాడు తలెత్తాడు. మొదటి అంతస్తు కిటికీలో ఒక ఆడమనిషి, ఒక వకీలు, ఎర్రటి ముఖంతో ఒక తెల్లవాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రొట్టె ముక్క పైకెత్తాడు.

“తఫద్దలూ! రండి రండి! అందరికీ సరిపోతుంది! ఖవాజా దొరగారూ, మీరూ రండి! దేవుడి మీద ఒట్టు, రాకపోతే ఊరుకోను!”

పడవ మాత్రం ఆగలేదు. వేగం కూడా తగ్గలేదు. కిటికీ కింద నుంచి సాగిపోతూనే ఉంది.

“సమాచారం,” అంది షాహెందా. “అతను చెప్పాడు, రండి, తినండి. అందరికీ ఉంది అన్నాడు. మీరు కూడా అన్నాడు. ఒట్టు వేశాడు.” ఊపిరి తీసుకుంది. “ప్రశ్న. మీరు వెళ్తారా?”

ఓస్త్రుప్ కిందికి చూశాడు. కింద నిలువు గోడ. దాని కింద నీళ్లు. “ఎలా వెళ్తాను?”

“ప్రశ్న. పడవ ఆగిందా?”

“లేదు.”

“ప్రశ్న. అతను అబద్ధం చెప్పాడా?”

 దూరమవుతున్న పడవలోంచి ఆ మనిషి ఇంకా వెనక్కి తిరిగి రొట్టె ఊపుతూనే ఉన్నాడు. ఓస్త్రుప్ తనకి తెలియకుండానే చెయ్యెత్తి ఊపాడు.

“లేదు,” అన్నాడు చివరికి. “అబద్ధం కాదు. పిలిచినందుకు నాకు సంతోషంగానే ఉంది.”

“దీన్ని మేము పడవవాడి పిలుపు అంటాం. ఒక మనిషి తింటున్నాడు. ఇంకో మనిషి కనబడ్డాడు. పిలవాలి. రెండో మనిషి మంచి మాట చెప్పాలి. ఎవరూ వెళ్లరు. ఎప్పుడూ ఎవరూ వెళ్లలేదు. నా తమ్ముడూ వెళ్లలేదు.”

గోడ వారగా ఉన్న గుమాస్తాలు ఈసారి బాహాటంగా నవ్వారు. ఒకడు చప్పట్లు కొట్టబోయి హాజ్ దబ్బూర్‌ని చూసి చేతులు జేబులో పెట్టుకున్నాడు.

ఓస్త్రుప్ తన కుర్చీకి తిరిగొచ్చాడు. నవ్వు పోయింది. కాగితం తీసి ఒకటికి రెండుసార్లు చదివాడు.

“ప్రశ్న. మిస్టర్ నాషెద్, ఈ గొంతు రేడియోలో వచ్చిందా, బయట నుంచి వచ్చిందా?”

“అది... రాయలేదండీ.”

“రికార్డు తెమ్మంటే మీరు కాగితం తెచ్చారు.”

“కాగితంలో ఉన్నదే రికార్డులో ఉంది,” సిర్రీ అడ్డం వచ్చాడు. “మళ్లీ వినడం అనవసరం.”

అనవసరం అన్న మాట షాహెందాకి బాగా తెలుసు. అబ్లా దగ్గర నేర్చుకున్న మాటే. ఆ మాట అంటున్నప్పుడు సిర్రీ కళ్లు ఆమె వైపు కాక వెనక వరుస వైపు పోయాయి. అది ఆమె గమనించింది.

“అభ్యర్థన,” అంది. “రికార్డు వినిపించండి.”

“వద్దక్కా!”

ఇన్ని రోజుల విచారణలో రాఫత్ గొంతు పెంచడం అదే మొదలు.

“ఏంట్రా వద్దు?”

“ఇప్పటిదాకా గెలిచావు. చాలు. ఇంటికి పద.”

“నువ్వు జైలుకి పోతే నాకు ఇల్లెక్కడిదిరా?”

“పోతే నేను పోతాను. నువ్వు మాత్రం అది వినకు. నీకు దణ్ణం పెడతాను, వినకు.”

“ఈ వయసులో నీకోసం నాలుక వంకర్లు తిప్పుకున్నాను. చేపలు కొనేవాళ్లంతా నన్ను చూసి నవ్వారు. ఒక్క గొంతు వింటే చచ్చిపోతానా?” షాహెందా అధ్యక్షుడి వైపు తిరిగింది. “అభ్యర్థన. మళ్లీ చెబుతున్నాను. రికార్డు వినిపించండి.”

రాఫత్ కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

నాషెద్ లాప్‌టాప్ తెరిచాడు. మీట నొక్కాడు.

ముందు ఇంజను హోరు. గాజు గ్లాసులో చెంచా చప్పుడు. రాఫత్ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. సముద్రపక్షుల అరుపులు. ఆ తర్వాత ఎక్కడో కింద నుంచి, గాలికి కొంచెం చెదిరిన ఒక మగగొంతు.

“తఫద్దల్ యా రయ్యిస్! రా కెప్టెన్, భోంచేద్దువుగాని! అన్నీ సిద్ధం!”

కూనిరాగం ఆగిపోయింది. ఒక బలమైన ఊపిరి. “వెయ్యి దండాలు, నువ్వు కానియ్,” అన్న రాఫత్ గొంతు పొడిగా, పళ్ల మధ్య నుంచి. వెంటనే లివరు లాగిన చప్పుడు. తాడు కొక్కెం నుంచి ఊడి పడ్డ దెబ్బ.

“మళ్లీ,” అన్నాడు ఓస్త్రుప్.

మళ్లీ వినిపించారు. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. కళ్లు తెరిచేసరికి ఆ ముఖంలో విచారణ అధికారి లేడు, ఓడ కెప్టెన్ ఉన్నాడు.

“ఇది రేడియో కాదు. కిటికీలోంచి వచ్చిన కేక. అంటే పడవ టగ్గు పక్కనే, లాగుతున్న తాడు కిందే ఉంది. అక్కడికి ఏ పడవా రాకూడదు. ఓడ బరువుకి ఆ తాడు బిగుసుకుంటే పడవ తలకిందులైపోతుంది. అందులో ఉన్నవాడు బతకడు.” రాఫత్ వైపు చూశాడు. “ఈయన పని వదల్లేదు. ఒక మనిషి ప్రాణం కోసం తాడు వదిలాడు.”

ఓస్త్రుప్ కాగితం పక్కన పెట్టాడు.

“కానీ ఇది నా ఊహ. ఊహని నివేదికలో రాయలేను. ఆ పడవలో ఉన్న మనిషి వచ్చి చెప్పాలి. లేదా అతను ఎవరో ఎవరైనా చెప్పాలి.” ఆయన షాహెందా వైపు తిరిగాడు. మాటలు విడివిడిగా, మెల్లగా పలికాడు. “ప్రశ్న. ఈ గొంతు మీకు తెలుసా?”

మొదటి మాటకే తెలిసింది ఆమెకి. రోజూ పొద్దున్నే ‘టీ ఏదీ?’ అని కేకేసే గొంతు. మాట చివర నవ్వు కలిపే అలవాటు. ప్రమాదం జరిగిన రోజు కొట్టుకి తలుపు చేయించడానికి కలప కొనాలని దమియెట్టా ఊరికి వెళ్లానన్న మనిషి. కలప వచ్చింది కూడా.

తమ్ముడు ఎందుకు నోరు విప్పలేదో ఇప్పుడు అర్థమైంది. జైలు మెట్టు దాకా నడిచి వెళ్లాడు గానీ అక్క కాపురం జోలికి పోలేదు.

ఆమె వెనక వరుస వైపు చూసింది. వగీహ్ ఆమెను చూడటం లేదు. తలుపు వైపు చూస్తున్నాడు.

సిర్రీ ఆమె పక్కకి వంగాడు. ఈసారి అరబీలో, ఆమెకి మాత్రమే వినపడేలా, మెత్తగా అన్నాడు. “తెలియదని చెప్పమ్మా. మీ ఇల్లు నిలబడుతుంది.”

షాహెందా తల తిప్పి అతని కళ్లలోకి చూసింది. “ఆ గొంతు మా ఇంటిదని మీకెవరు చెప్పారు వకీలు గారూ?”

సిర్రీ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

చెప్పకపోతే తమ్ముడు. చెబితే మొగుడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. కాళ్ల కింద నేల స్థిరంగానే ఉంది.

“సమాచారం,” అంది ఇంగ్లీషులో, వెనక గోడ దాకా వినపడేలా. “ఈ గొంతు నాకు తెలుసు. ఇతని పేరు వగీహ్ అబ్దుల్ మౌలా. ఇతను నా భర్త. ఇతను ఈ గదిలో ఉన్నాడు.”

రాఫత్ గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. గుమాస్తాలు తలుపుకి అడ్డం నిలబడ్డారు, వగీహ్ పారిపోతాడని.

అతను పారిపోలేదు. మెల్లగా లేచి, చొక్కా సర్దుకుని, వరుసల మధ్య నుంచి ముందుకొచ్చాడు. హాజ్ దబ్బూర్‌ని దాటుతున్నప్పుడు ఒక్క క్షణం ఆగి అతని వైపు చూశాడు. అధ్యక్షుడి బల్ల ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు.

అతని నోట్లోంచి వచ్చింది ఇంగ్లీషు.

తడుముకోని ఇంగ్లీషు. సిర్రీ ఇంగ్లీషు కంటే నున్నగా, వేగంగా, ఒకదాని వెంట ఒకటి గొలుసులా సాగిపోయే వాక్యాలు. ఇన్నేళ్ల కాపురంలో ఆ నోట ఒక్క ఇంగ్లీషు ముక్క విన్న గుర్తు లేదు షాహెందాకి. ఆమె మాటల కోసం వెతుక్కుంది. ఓడ. గోధుమలు. రాత్రి. ఓడ కింద. మిగిలిందంతా చెవి పక్క నుంచి జారిపోయింది.

కానీ అర్థమైనవాళ్లు ఉన్నారు. ఓస్త్రుప్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. సిర్రీ కుర్చీలో కూలబడ్డాడు. వెనక వరుసలో ఫిక్రియా అబ్లా చేతిలోంచి విసనకర్ర జారి నేల మీద పడింది.

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లందరికీ తెలిసిపోయిన సంగతి తనకే తెలియలేదు.

షాహెందా బల్ల అంచు వదిలేసింది. నడుచుకుంటూ వెళ్లి భర్తకీ అధ్యక్షుడికీ మధ్య, అతని ముఖానికి ఎదురుగా నిలబడింది. వగీహ్ మాట ఆగిపోయింది.

“ఆదేశం,” అంది ఆమె, ఇంగ్లీషులోనే. “మళ్లీ మొదటి నుంచి చెప్పు. మెల్లగా. నాకు అర్థమయ్యేదాకా.”